బస్సెక్కించిన ముగింపు

పెద్దకోడలు కుట్టుమిషను విప్పేస్తోందన్న కబురు మామగారు తెచ్చేసరికి, చిన్నకోడలు ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని తన నవల ఆఖరి భాగానికి పేజీ నంబర్లు వేసుకుంటోంది. మొత్తం పన్నెండు కాగితాలు. పదకొండో దాని మీద నంబరు వెయ్యబోతూ ఆగింది.

“విప్పేస్తోందంటే?”

“బెల్టు తీసేసింది. ఇప్పుడు మిషను తల ఊడదీస్తోంది. స్క్రూడ్రైవర్ ఏదని అడిగితే నేనే వెతికిచ్చాను. ఎందుకని మాత్రం అడగలేదమ్మా. అడిగితే చెప్పేస్తుందేమోనని భయమేసింది” అన్నాడాయన.

డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది, పేరున్న రచయితల చేతే తప్పులు ఒప్పించిన మనిషి. ఆ పూట మాత్రం ముందుగది గుమ్మం పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు.

నిన్న సాయంత్రం పెద్దకోడలు వంటింట్లో గిన్నెలు బోర్లిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, తమ్ముడి ఊరికి వెళ్తున్నానని చెప్పింది. తమ్ముడు రెడీమేడ్ బట్టల కొట్టు పెట్టాడట, కుట్టేవాళ్ళు దొరక్క ఇబ్బంది పడుతున్నాడట, ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నాడట. ఎన్ని రోజులకని మామగారు అడిగితే, చూద్దాం అంది. నాలుగు రోజులకి వెళ్ళే మనిషి మిషను విప్పుకుని వెళ్ళదు. అది అందరికీ తెలుసు, పైకి అన్నవాళ్ళు లేరు. ఆమె మొగుడు లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు, ఫోన్లో “సరే, వచ్చాక మాట్లాడుకుందాం” అని ఊరుకున్నాడు. రచయిత్రి మొగుడు పొద్దున్నే ఆఫీసుకి పారిపోయాడు. ఇంట్లో ఇలాంటి గాలి వీచినప్పుడల్లా పాపం అతనికి అక్కడ పని ఎక్కువవుతుంది.

గువ్వకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. బడి నుంచి వచ్చాక నెమ్మదిగా చెప్దాంలే అనుకున్నారు.

గువ్వ కన్నతల్లి చిన్నకోడలు. పెంచింది పెద్దకోడలు. ఇది ఎవరూ కూర్చుని తీర్మానించిన సంగతి కాదు. పిల్ల పుట్టిన నెలకే తల్లికి పెద్ద జబ్బు చేసింది. పిల్లల్లేని పెద్దకోడలు ఆ పసిగుడ్డుని తన పక్కలో వేసుకుంది. జబ్బు తగ్గేసరికి మొదటి సీరియల్ మొదలైంది. రచయిత్రి గది తలుపు మూసుకుంది, పిల్ల మిషను చప్పుడికి నిద్రపోవడం నేర్చుకుంది. అలా పద్నాలుగేళ్ళు గడిచిపోయాయి.

మన రచయిత్రి మాత్రం అక్క ప్రయాణానికి కారణం వేడి, అలసట, బడి యూనిఫారాల పని ఎక్కువ కావడం అని తేల్చేసుకుంది. తన మీద తనకి నమ్మకం ఎక్కువ ఆవిడకి. సాయంత్రం ఈ ఆఖరి భాగం ఇచ్చేసి వచ్చాక, పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే అదే సర్దుకుంటుందని ఆవిడ లెక్క. అంతలో ఫోన్ మోగింది.

వారపత్రిక సంపాదకుడు. ముఖచిత్రం మీద ‘ఈ వారమే ముగింపు’ అని అచ్చయిపోయింది, ఐదింటికల్లా కాగితాలు అందకపోతే ఆఖరి పేజీలు తెల్లగా పోతాయి అని గుర్తుచేశాడు. ఎప్పుడైనా ఆలస్యమైందా అని ఆవిడ ఎదురడిగింది. లేదు, అన్నాడు. అయితే ఇప్పుడెందుకు అవుతుంది, అని పెట్టేసింది. ఏడు సీరియళ్ళు రాసింది, ఇది ఏడో ముగింపు. ముగింపుల దగ్గర తనకి చెయ్యి తిరిగిందని ఆవిడే కాదు, పాఠకులూ అంటారు.

“మీరొకసారి చూసేస్తే పిన్ను కొట్టేస్తాను మామయ్యా” అంటూ కాగితాలు ముందుకి జరిపింది.

ఆయన చెవి మీది ఎర్రపెన్సిల్ తీసి కూర్చున్నాడు. ఆయన చదువుతుంటే పెదాలు కదులుతాయి, వేలు వాక్యం కింద పాకుతుంది. పన్నెండు కాగితాలూ అయ్యేదాకా ఆ వేలు ఎక్కడా ఆగలేదు. చివర కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

“తప్పులేం లేవమ్మా” అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ, “బస్సు తప్ప” అన్నాడు.

కథలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చెల్లెలు కొలువు కోసం పసిబిడ్డని అక్క దగ్గర వదిలి దూరం వెళ్ళింది. నేతపని చేసుకునే అక్క ఆ పిల్లని కళ్ళల్లో పెట్టుకుని పెంచింది. పన్నెండేళ్ళ తర్వాత చెల్లెలు తిరిగొచ్చి, నా బిడ్డ నాకు కావాలంది. డెబ్బై రెండు వారాలు సాగిన నవల ఇక్కడికొచ్చింది. ఆఖరి భాగంలో అక్క పిల్ల చేతిని చెల్లెలి చేతిలో పెట్టి, చిరునవ్వు నవ్వి, పెట్టె పట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోతుంది. వెనక్కి తిరిగి చూడదు. దాంతో నవల అయిపోతుంది.

బస్సుకేమైందని రచయిత్రి కొంచెం కటువుగానే అడిగింది. తల్లీబిడ్డా కలవాలని పాఠకుల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయంది. పెంచినావిడ నవ్వుతూ వెళ్ళిపోతే చదివేవాళ్ళ కళ్ళు చెరువులవుతాయి, ఇంతకంటే తృప్తిగా ముగించడం ఎవరి తరం అంది.

“ఏడుస్తారు, కాదనను. ఏడిపించడం వేరు, తృప్తి వేరు. రచయితకి దారి తోచనప్పుడు ఎవరో ఒకర్ని బస్సెక్కిస్తాడమ్మా. బస్సు లేని రోజుల్లో రైలెక్కించేవాళ్ళు. నా సర్వీసులో ఎంతమంది ఎక్కారో చెప్పలేను. ఒక్కరు కూడా ఎందుకెక్కారో ఇప్పుడు గుర్తులేదు.”

“త్యాగం చేసి వెళ్తుంది. రాశానుగా.”

“త్యాగం నీకు కావాలి. ఆమె అడ్డు తప్పుకుంటే నీ కథ సర్దుకుంటుంది కనక. ఆమెకేం కావాలి?”

ఈ ప్రశ్న ఆవిడకి నచ్చలేదు. నిన్న అక్కకి చదివి వినిపించాను, బాగుందన్నదంటూ కాగితాలు లాక్కుంది.

మామగారు పెన్సిల్ చెవి మీద పెట్టుకోబోయినవాడు ఆగిపోయాడు. “బాగుందన్నదా? పెద్దమ్మాయి?”

అప్పుడు చిన్నకోడలికి కూడా ఏదో చురుక్కుమంది.

ఈ ఇంట్లో ఒక పద్ధతుంది. వారానికో రోజు మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక, పెద్దకోడలు మిషను ఆపి, గుండీలు కుట్టాల్సిన చొక్కాలు ఒళ్ళో వేసుకుని కూర్చుంటుంది. చిన్నకోడలు ఆ వారం భాగం చదువుతుంది. అక్క చెవిన పడకుండా ఏ భాగమూ అచ్చుకి వెళ్ళలేదు. ఆవిడ మెచ్చుకోదు. మధ్యలో ఆపి సవాలక్ష అడుగుతుంది. నూట మూడు జ్వరంలో ఉన్న మనిషి మెట్లెక్కి మేడ మీదికెలా వెళ్ళింది? వానలో తడిసొచ్చింది కదా, చీర మార్చుకోకుండా అంతసేపు ఎలా పోట్లాడింది? చిన్నకోడలు విసుక్కుంటుంది, గొణుక్కుంటుంది, దిద్దుకుంటుంది. ఏడు సీరియళ్ళలో అక్క ఒక్కసారి కూడా బాగుందని అనలేదు.

నిన్న అంది. పన్నెండు కాగితాలూ నోరు మెదపకుండా వింది, దారం పంటితో కొరికింది, “బాగుంది” అని లేచి వెళ్ళిపోయింది. మన రచయిత్రికి తెలివి తక్కువేం కాదు గానీ పొగడ్త దగ్గర ఎవరికైనా ఒక పిసరు తగ్గుతుంది. ఇన్నాళ్ళకి అక్క చేత అనిపించానని మురిసిపోయి, ఆ మురిపెంలో ఆవిడ మొహం చూడలేదు.

కాగితాలు బల్ల మీదే వదిలేసి వెనకగదిలోకి నడిచింది.

అక్కడ పెద్దకోడలు నేల మీద గొంతుక్కూర్చుని మిషను తలని పాత దుప్పట్లో చుడుతోంది. బల్ల బోడిగా మిగిలింది. పక్కన కత్తిరించి పెట్టిన యూనిఫారం కాలర్లు కట్టలు కట్టి ఉన్నాయి. ఏ కట్ట ఏ బడిదో, ఎవరికి ఒప్పజెప్పాలో సుద్దతో అట్టముక్కల మీద రాసి గుచ్చింది. తిరిగొచ్చే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఇంత పొందిగ్గా సర్దరు.

“తమ్ముడు ఐదేళ్ళనుంచి రమ్మంటున్నాడు. ఇప్పుడే ఎందుకక్కా?”

పెద్దకోడలు దుప్పటి ముడి బిగించింది. మరో పక్క ముడి వేసింది. అది వదులైందని విప్పి మళ్ళీ వేసింది. ఆవిడ మౌనం అలాంటిది, చేతులకి పని ఉన్నంతసేపూ సాగుతుంది. చిన్నకోడలు వచ్చి ఎదురుగా నేల మీద చతికిలబడింది. ముడులు వెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు.

“నువ్వు చెప్పావుగా” అంది పెద్దకోడలు.

“నేనా? ఏం చెప్పాను?”

“నిన్న. పన్నెండు కాగితాలు చదివి మరీ చెప్పావు.”

చిన్నకోడలికి ముందు నవ్వొచ్చింది. అది కథ, అంది. అక్కచెల్లెళ్ళ కథ. ఆమె మగ్గం నేస్తుంది, నువ్వు మిషను కుడతావు. ఎక్కడి పోలిక, అంది.

“కథే అయితే మామగారి మంచం ముందుగదిలోకి ఎందుకొచ్చింది?”

ఆ మాటకి నవ్వు ఆగిపోయింది.

మామగారి గురక మాట. రెండో సీరియల్ రాసేటప్పుడు ఆయన పడుకునేది రచయిత్రి గది గోడ అవతల. పెద్దాయన, మొహం మీద ఎలా చెప్తాం? నవలలో ఒక తాతగారు ప్రవేశించాడు. ఆయన గురక పెడితే గోడ మీద బల్లులు రాలిపడేవి. పత్రిక వచ్చిన మర్నాడు మామగారు గాలి కోసమంటూ మంచం ముందుగదిలోకి జరుపుకున్నాడు. మూడో సీరియల్లో ఒక మొగుడు తడితువాలు పరుపు మీద పడేసి ఆఫీసుకి పోయేవాడు. పది రోజుల్లో ఈ ఇంటి మొగుడి తువాలు తీగ మీదికెక్కింది. నాలుగో దాంట్లో ఎవరో వదినగారు కూరలో ఉప్పు చెయ్యి జారుస్తూ ఉండేది. అలా అలా ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది. నోటితో అనలేనిది చిన్నది సీరియల్లో అంటుంది, మనం చదువుకుని సర్దుకోవాలి, అంతే. ఎవరూ గొడవ పడలేదు. పైగా ఎంత సంస్కారంగా చెప్తుందో అని మురిసిపోయారు. ఆవిడకీ ఆ సదుపాయం బాగానే అలవాటైంది.

“ఆ ఉప్పు నాకేనని తెలుసుకుని తగ్గించుకున్నదాన్ని” అంది పెద్దకోడలు. “పిల్లని ఇచ్చెయ్యమంటే తెలుసుకోలేనా?”

కాదని అనబోయిన చిన్నకోడలికి బళ్ళో జరిగింది గుర్తొచ్చింది.

నెలన్నర కిందట బళ్ళో గువ్వ కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరిని పిలవాలని అడిగితే పెద్దమ్మ నంబరు చెప్పింది. పెద్దకోడలు మెళ్ళో కొలత టేపు మెళ్ళోనే ఉండగా, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. కన్నతల్లి ఇంట్లోనే ఉంది, తలుపు మూసుకుని రాసుకుంటోంది. ఆటోలో పిల్లని తీసుకొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి, నన్ను లేపచ్చు కదా అంది, నిద్రపోతున్నట్టు. పిల్ల పెద్దమ్మ భుజం మీద తల ఎత్తకుండానే, నువ్వు రాసుకుంటున్నావుగా అమ్మా అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు, మామూలుగా అంది. ఆ వారం భాగంలోనే, అప్పటిదాకా తలపులో లేని చెల్లెలు కథలోకి తిరిగొచ్చింది.

“కుళ్ళుకున్నానక్కా” అంది చిన్నకోడలు. “ఆ రోజు నువ్వు పరిగెత్తావు చూడు, అది చూసి కుళ్ళుకున్నాను. నీ మీద ఒక్క తప్పు దొరికితే బాగుండనిపించింది. దొరకలేదు. అందుకే నిన్ను దేవతని చేసి బస్సెక్కించేశాను. రాసేటప్పుడు నాకు తెలీదు. లేకపోతే తెలుసేమో. ఇప్పుడు నువ్వంటుంటే తెలుస్తోంది.”

ఇది విని పెద్దకోడలు కరిగిపోయి చేతులు పట్టుకుంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. నిన్నటినుంచి బిగపట్టుకున్న కోపం అప్పుడు బయటికొచ్చింది. ఇదే మాట నెలన్నర కిందట నోటితో అంటే ఏమయ్యేదని అడిగింది. నేను నాలుగు తిట్టేదాన్ని, నువ్వు నాలుగు తిట్టేదానివి, రెండు రోజులు మొహాలు తిప్పుకు తిరిగేవాళ్ళం, అక్కడితో పోయేది. అది మానేసి ఊరందరూ చదివే కథలో పెట్టి నాకు చెప్పావు. అచ్చయ్యాక ఇంటింటా చదువుకుంటారు, అబ్బ ఎంత మంచిదో ఆవిడ, తనంతట తనే తప్పుకుంది అంటారు.

“పైగా నవ్వుతూ వెళ్ళిందని రాశావు. ఎవరు నవ్వుతారే? నిన్న సాయంత్రం నుంచి నా మొహం చూడు, ఎక్కడన్నా నవ్వుందేమో.”

అంతవరకూ గట్టిగా ఉన్న గొంతు అక్కడ పగిలిపోయింది. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చిన్నకోడలికి ఆవిడ ఏడవడం చూసిన గుర్తు లేదు. ఎన్ని వందల మందినో ఏడిపించిన రచయిత్రికి, ఒక మనిషి ఎదురుగా ఏడిస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“వెళ్ళకక్కా” అంది చివరికి.

“వెళ్ళమంటే వెళ్ళడం, ఉండమంటే ఉండడం. నేనేమన్నా నీ పాత్రనా?”

అదీ నిజమే. గుమ్మంలో అలికిడైంది. మామగారు, చేతిలో పన్నెండు కాగితాలతో. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో ఎవరూ అడగలేదు. టైమైపోతోందమ్మా, ఇవి ఏం చెయ్యమంటావు అన్నాడు.

పెద్దకోడలు ముక్కు తుడుచుకుని ఆ కాగితాల వైపు చూసింది. ఇన్నేళ్ళ అలవాటు, కోపంలో ఉన్నా ఊరుకోనివ్వలేదు.

“నిన్న నేను ఒకటి అడగాల్సింది. నోరు రాలేదు. ఆ పిల్లని ఒక్కరైనా అడిగారా?”

“ఏ పిల్లని?”

“నీ కథలో పిల్లనే. పన్నెండేళ్ళొచ్చాయి. అక్క ఇచ్చింది, చెల్లెలు పుచ్చుకుంది. మధ్యలో అదేమన్నా కాలరు ముక్కా, ఈ చొక్కాకి ఊడదీసి ఆ చొక్కాకి వెయ్యడానికి?”

రచయిత్రి మామగారి మొహం చూసింది. ఈ నవలలో ప్రతి అక్షరం మీదా ఆయన వేలు పాకింది. పిల్ల ఎక్కడైనా ఏమైనా అన్నదా అని అడిగితే ఆయన ఆలోచించనైనా ఆలోచించలేదు. “ఆకలేస్తోందని రెండుసార్లు అందమ్మా. నిద్రొస్తోందని ఒకసారి. అంతే” అన్నాడు.

డెబ్బై రెండు వారాలు. చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. ఇంత చేసీ ఆ సిగ్గు వెనకాలే సంతోషం కూడా తన్నుకొచ్చింది, అదేం మనిషో గానీ. ఎక్కడ దారి తప్పిందో కనిపించిన సంతోషం. కాగితాలు అందుకుని, తొమ్మిదో దాని నుంచి పన్నెండో దాని దాకా ఒక్కొక్కటీ నిలువునా గీత గీసి కొట్టేసింది. చిరునవ్వు, పెట్టె, బస్సు అన్నీ పోయాయి.

సంపాదకుడికి ఫోన్ చేసి ముగింపు మారుస్తున్నానంది. అటునుంచి పెద్ద అరుపే వినిపించింది. ముందే చెప్పారు కదా మాకు, బొమ్మ కూడా వేయించాం, బస్సు కిటికీలోంచి ఆవిడ నవ్వుతున్నట్టు అన్నాడాయన. ఐదింటికి మీరివ్వకపోతే నేనే రాసేసుకుంటాను, బస్సు ఎలాగూ ఉంది అన్నాడు. బెదిరింపు కాదు, అన్నంత పనీ చేసే మనిషి.

“మీరు ఆ బస్సు ముట్టుకుంటే ఎనిమిదో సీరియల్ వేరే పత్రికలో చదువుకోండి. ఐదింటికి వస్తుంది” అని పెట్టేసింది.

కొత్త కాగితాలు, పెన్ను, రాసుకునే అట్ట పట్టుకుని మళ్ళీ వెనకగదికే వచ్చి కూర్చుంది. ఆవిడ తలుపు తీసిన గదిలో, ఇంకొకరి ఎదురుగా రాయడం అదే మొదలు. పెద్దకోడలు పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. దుప్పటి మూట పక్కన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మామగారు మెల్లిగా ఒక స్టూలు జరుపుకున్నాడు.

కలం పరిగెత్తింది. అక్క, చెల్లెలు ఎదురెదురుగా నిలబడ్డారు. అక్క పిల్ల చెయ్యి పట్టుకోబోయి ఆగింది. నీకేం కావాలో నువ్వు చెప్పమ్మా, అని అడిగింది. పిల్ల తలెత్తింది. అక్కడ కలం ఆగింది.

ఇక పిల్ల జవాబు చెప్పాలి. రచయిత్రి ఒకటి రాసి పైకి చదివింది: పిల్ల వెళ్ళి పెంచినావిడ కొంగు పట్టుకుంది. పెద్దకోడలు కళ్ళు తెరవకుండానే, ఇది నన్ను బుజ్జగించడానికి అంది. కొట్టేసి ఇంకోటి రాసింది: పిల్ల అమ్మా అని కన్నతల్లిని చుట్టేసుకుంది. ఇది నిన్ను నువ్వు బుజ్జగించుకోవడానికి, అంది. మూడోది రాసింది: మీరిద్దరూ నాకు అమ్మలే అంది పిల్ల.

“ఇది మీ సంపాదకుడికి నచ్చుతుంది” అంది పెద్దకోడలు.

మామగారు నవ్వు దగ్గుగా మార్చేసుకున్నాడు. చిన్నకోడలు పళ్ళు నూరుకుంది గానీ మూడోదీ కొట్టేసింది. మూడు జవాబులూ తనవే. పిల్లది ఒక్కటీ లేదు. పన్నెండేళ్ళ పిల్ల అలాంటప్పుడు ఏమంటుందో తనకి తెలియదు, అదీ సంగతి. ఎవరినడిగితే తెలుస్తుందో తెలుసు. మూడూ ముప్పావు కావస్తోంది.

గేటు చప్పుడైంది. చెప్పులు విసిరేసిన చప్పుడు, సంచీ కుర్చీలో పడ్డ చప్పుడు, పెద్దమ్మా అన్న పిలుపు. గువ్వ వెనకగది గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది. బోడిబల్ల చూసింది. దుప్పటి మూట చూసింది. కాలర్ల కట్టల మీది అట్టముక్కలు ఒక్కొక్కటీ చదివింది.

“ఎవరు వెళ్తున్నారు?” అంది.

పెద్దకోడలు నేల చూపులు చూసింది. మామగారు ఎర్రపెన్సిల్ తీసి మొన చూసుకున్నాడు. నేను చెప్పాలి, అనుకుంది చిన్నకోడలు. ఇలా రా గువ్వా, నిన్నొక మాట అడగాలి, అంది.

గువ్వ రాలేదు. తల్లి ఒళ్ళో అట్ట వైపు చూసింది, మూడుసార్లు కొట్టేసి ఉన్న కాగితం వైపు చూసింది. తనూ వారం వారం చదువుతుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

“నన్నా, కథలో పిల్లనా?”

“నిన్నే.”

“నన్నే అయితే పెన్నెందుకు?”

ముందుగదిలో ఫోన్ మోగింది. చిన్నకోడలు కదల్లేదు. మామగారు లేచి వెళ్ళి, రిసీవరు తీసి పక్కన పెట్టేసి, మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అచ్చాఫీసు రోజుల్లో ఆయన గడువు దాటనిచ్చిన కాగితం ఒక్కటి లేదు.

చిన్నకోడలు పెన్నుకి మూత పెట్టింది. అట్ట మీది కాగితం తీసి మడిచి కింద పడేసింది. పెద్దకోడలు అప్పుడు కళ్ళెత్తి చూసింది.

“మీ పెద్దమ్మ ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది, నా మూలంగా” అంది చిన్నకోడలు. “నువ్వు నా దగ్గరికి రావాలని నాకుంది. అందుకని తనని వెళ్ళగొట్టాను. ఇప్పుడు వెళ్ళకు అంటే వినడం లేదు, వినాల్సిన పని కూడా లేదు. ఇంతవరకూ నిన్ను మేమెవరం ఏమీ అడగలేదు.”

గువ్వ గుమ్మంలోంచి లోపలికి ఒక్క అడుగు వేసింది. తల్లి పక్కకీ రాలేదు, పెద్దమ్మ పక్కకీ పోలేదు. బోడిబల్ల మీదికెక్కి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. “అడుగు మరి” అంది.

ఏడు సీరియళ్ళలో, జవాబు ముందే రాసిపెట్టుకోకుండా చిన్నకోడలు ఎవరి చేతా ఒక్క ప్రశ్న అడిగించలేదు. ఈసారి గువ్వ ఏమంటుందో ఆవిడకి నిజంగా తెలియదు. ఇద్దర్లో ఎవరికి గుండె పగులుతుందో కూడా తెలియదు.

అయినా అడిగింది.